పాత స్కార్పియోకి ఈసీయూ పోయిందంటున్నారు, సెకండ్ హ్యాండ్‌ది తెప్పించేయనా?

తమ్ముడూ, నువ్వు రాసింది రెండు సార్లు చదివాను. 2010 స్కార్పియో డీజిల్, ఏపీ 31 నంబరు, మధురవాడ నుంచి రోజూ లంకెలపాలెం వెళ్లొస్తావు, ఓ గంట నడిచాక బండి ఉన్నట్టుండి ఆగిపోతోంది, ఇరవై నిమిషాలు పక్కన పెడితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్ట్ అవుతోంది. స్కానర్ పెడితే ఒకసారి సెన్సర్ల కోడ్లు నాలుగైదు ఒకేసారి వచ్చాయి, ఇంకోసారి ఇంజిన్ కంప్యూటర్‌తో అసలు కనెక్టే అవ్వలేదు. మెకానిక్ ఈసీయూ, అంటే ఆ ఇంజిన్ కంప్యూటరే, పోయింది, కొత్తది 45,000 అవుద్ది అన్నాడు, ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్‌ది 12,000కి ఉంది తెప్పించేయనా అని అడిగావు.

తెప్పించకు. కనీసం ఈ వారం తెప్పించకు. కంచరపాలెంలో హెల్పర్‌గా మొదలెట్టి ఇప్పుడు ఆటోనగర్‌లో సొంత షాపు దాకా ఇరవై మూడేళ్లు ఆటో ఎలక్ట్రికల్ పనే చేశాను, ఈసీయూ పోయిందని నా దగ్గరకి వచ్చిన బండ్లలో సగానికి పైగా ఈసీయూ బాగానే ఉంది. నిజంగా పోయిన వాటిలో కూడా చాలామటుకు బయట నుంచి ఏదో ఒకటి దాన్ని చంపేసింది, అదేంటో పట్టుకోకుండా కొత్త బాక్సు పెడితే అది కూడా అదే దారిన పోద్ది.

నువ్వు చెప్పిన లక్షణం, అంటే వేడెక్కితే ఆగడం చల్లారితే స్టార్ట్ అవ్వడం, ఈసీయూ బోర్డులో సోల్డర్ విరిగినా అలాగే ఉంటది, ఇంజిన్ ఎంత స్పీడుగా తిరుగుతోందో ఈసీయూకి చెప్పే క్రాంక్ సెన్సర్ పోతున్నా అచ్చం అలాగే ఉంటది. క్రాంక్ సెన్సర్ లోపల వైరు చుట్ట గానీ చిన్న చిప్పు గానీ ఉంటది, ఇంజిన్ వేడికి అది లోపల తెగి, చల్లారాక మళ్ళీ కలుస్తది. దాని ధర ఈసీయూ ధరలో ఏపాటి. ఈసీయూకి కరెంటు ఇచ్చే స్విచ్ లాంటి మెయిన్ రిలే లోపల సోల్డర్ వదిలేసినా ఇదే కథ. ఇగ్నీషన్ స్విచ్ కాంటాక్టు అరిగిపోయినా ఇదే కథ. అందుకే చల్లగా ఉన్నప్పుడు షెడ్డుకి తీసుకెళ్లి స్కానర్ పెట్టిస్తే ఏమీ తేలదు, ఆగిపోయిన ఆ ఇరవై నిమిషాల్లోనే చూడాలి, నీకు సాక్ష్యం దొరికేది అప్పుడే.

కాబట్టి చిన్న బ్లూటూత్ స్కానర్ ఒకటి బండిలో పడేస్కో, ఫోన్లో యాప్ పెట్టుకో. బండి ఆగగానే భద్రంగా పక్కకి తీసి, కీ ఆన్ చేసి ముందు మీటర్లో చెక్ ఇంజిన్ లైటు చూడు. లైటు అసలు వెలగకపోతే, స్కానర్ కూడా కనెక్ట్ అవ్వకపోతే, ఈసీయూకి కరెంటు గానీ ఎర్త్ (బాడీకి బిగించే మైనస్ వైరు) గానీ అందట్లేదు, లేదా సెన్సర్లకి వెళ్లే 5 వోల్టుల లైను ఎక్కడో షార్ట్ అయి దాన్ని పడుకోబెట్టేసింది, లేదా ఈసీయూయే పోయింది. లైటు వెలిగి స్కానర్ కనెక్ట్ అయితే సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం చూడు. ఇంజిన్ గిరగిరా తిరుగుతుంటే ఆర్‌పీఎం సున్నా చూపిస్తే క్రాంక్ సెన్సరో దాని వైరో. ఆర్‌పీఎం రెండు వందల పైన చూపించి రైల్ ప్రెషర్, అంటే ఇంజెక్టర్లకి డీజిల్ అందించే ఉమ్మడి పైపులో ఒత్తిడి, మాత్రం పెరగట్లేదనుకో, అది డీజిల్ వైపు కథ, ఇలాంటి పైపు ఉన్న చాలా కామన్ రైల్ ఇంజిన్లకి 200 బార్ దగ్గరకి రాకపోతే ఈసీయూ డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లని తెరవనివ్వదు. ఈ మూడు ముక్కలు రాసిపెట్టుకుని మెకానిక్ దగ్గరకి వెళ్తే సగం పని అయిపోయినట్టే.

ఇంకోటి, నాలుగైదు సెన్సర్ల కోడ్లు ఒకేసారి వచ్చాయన్నావు చూడు, నాకు ముందు అనుమానం అక్కడే వచ్చింది. నాలుగు సెన్సర్లు ఒకే రోజు పోవు. ఈసీయూ లోపల 12 వోల్టుల్ని 5 వోల్టులు చేసి రైల్ ప్రెషర్ సెన్సరు, టర్బో గాలి ఒత్తిడి చూసే బూస్ట్ సెన్సరు, యాక్సిలరేటర్ పెడల్ లాంటి వాటికి పంపుద్ది, చాలా బండ్లలో రెండు మూడు సెన్సర్లు ఒకే లైను మీద ఉంటాయి. వాటిలో ఒక్కటి లోపల షార్ట్ అయినా, లేదా దాని వైరు ఇంజిన్‌కి రాసుకుని తొడుగు ఊడినా, ఆ లైను మొత్తం కిందకి పడిపోద్ది, అన్నీ తప్పు చెప్తాయి, కొన్నిసార్లు ఈసీయూ కూడా మూగబోద్ది. పీ0641, పీ0651 అని కోడ్లు వస్తే ఆ 5 వోల్టుల లైను గురించే. చూడటం తేలిక, కీ ఆన్‌లో ఉంచి ఒక్కో సెన్సరు కప్లర్, అంటే వైర్ల ప్లగ్గు, ఊడదీస్తూ రా, ఏది పీకగానే చెక్ లైటు తిరిగొచ్చి స్కానర్ కలిసిందో దొంగ అదే. పీ0601, పీ0605, పీ0606 లాంటివి పదే పదే వస్తే మాత్రం అవి ఈసీయూ తన లోపలి మెమరీ, ప్రాసెసర్ గురించి తనే చెప్పుకుంటున్న మాట, అప్పుడు బాక్సుని గట్టిగా అనుమానించాలి. అప్పుడు కూడా కరెంటు, ఎర్త్ చూశాకే.

ఆ ఎర్త్ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మన వైజాగ్‌లో సగం రోగం అక్కడే. సముద్రం గాలి. బీచ్ రోడ్డు, రుషికొండ, భీమిలి వైపు రాత్రుళ్ళు బయట పెట్టే బండ్లకి ఎర్త్ బోల్టు కింద తెల్లగా ఉప్పు పొడి పడ్తది, రాగి మీద పచ్చగా చిలుము పట్టేస్తది. పైకి చూస్తే వైరు నిక్షేపంగా ఉంటది. మల్టీమీటర్ పెడితే 12.4 వోల్టులు చూపిస్తది, మెకానిక్ కరెంటు బాగానే వస్తోంది ఈసీయూయే పోయింది అనేస్తాడు. మీటర్ని నమ్మకు తమ్ముడూ, ఇరవై పోగుల వైరులో ఒక్క పోగు మిగిలినా మీటర్ 12 వోల్టులు చూపిస్తది, ఎందుకంటే అది కరెంటు లాగదు. నేనేం చేస్తానంటే బ్రేక్ లైటుకి వేసే 21 వాట్ల బల్బుకి రెండు వైర్లు సోల్డర్ చేసి పెట్టుకున్నాను, అది దాదాపు పావు తక్కువ రెండు ఆంపియర్లు లాగుద్ది. ఈసీయూ కప్లర్ ఊడదీసి, వైరింగ్ డయాగ్రామ్‌లో చూసి దాని పవర్ పిన్నుకి, ఎర్త్ పిన్నుకి మధ్య ఆ బల్బు పెట్టాలి, పిన్నులోకి లావు ప్రోబు దూర్చకుండా, లేకపోతే పిన్ను నోరు వెడల్పై ఇంకో కొత్త రోగం మొదలవుద్ది. బల్బు బ్యాటరీ మీద డైరెక్టుగా వెలిగినంత తెల్లగా వెలిగితే లైను మంచిది. ఎర్రగా మిణుకుమిణుకుమంటే, నీ 45,000 మిగిలినట్టే. చాలా బండ్లలో ఈసీయూకి రెండు మూడు ఎర్త్‌లు ఉంటాయి, అన్నీ విడివిడిగా చూడాలి, ఒకటి బాగుందని మిగతావి వదిలేయకు.

బల్బు పెట్టలేనంటే ఇంకో పద్ధతి ఉంది, ఇంజిన్ నడుస్తుండగా లైట్లు, ఏసీ వేసి మీటర్ ఒక ప్రోబు బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఈసీయూ ఎర్త్ వైరు మీద పెట్టు, 0.1 వోల్టు లోపు ఉండాలి. అరవోల్టు కనిపిస్తే ఆ ఎర్త్ విప్పి ఎమెరీ పేపర్ పెట్టి మెరిసే దాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాసేయ్.

స్కానర్ కనెక్ట్ అవ్వకపోతే ఈసీయూ చచ్చినట్టే అని తేల్చేయడం కూడా తప్పు. స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్లో 16వ పిన్నుకి బ్యాటరీ కరెంటు, 4, 5 పిన్నులకి ఎర్త్ రావాలి, సిగరెట్ లైటర్ ఫ్యూజు కాలిపోయినా కొన్ని బండ్లలో ఆ సాకెట్‌కి కరెంటు ఆగిపోద్ది. బ్యాటరీ మైనస్ తీసేసి 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ చూడు, బండిలో క్యాన్ లైను, అంటే బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్ల జత, ఉంటే 60 దగ్గర రావాలి. 120 వస్తే లైను చివర ఉండే రెండు రెసిస్టర్లలో ఒకటి కనపడట్లేదు, చాలాసార్లు ఆ చివర ఈసీయూ లోపలే ఉంటది. సున్నా దగ్గర వస్తే రెండు వైర్లు ఎక్కడో కలిసిపోయాయి. కొన్ని పాత బండ్లలో ఇంజిన్‌తో మాట్లాడేది 7వ పిన్ను మీద కె-లైన్ అనే ఒంటి వైరు, వాటికి ఈ 60 లెక్క పనికిరాదు.

ఇవన్నీ బాగుండి కూడా ఆగుతుంటే అప్పుడు బాక్సు వైపు రా. ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి ఈసీయూని వేళ్ళతో మెల్లగా తట్టు, కప్లర్ దగ్గర వైర్ల కట్టని అటూ ఇటూ కదుపు, ఆగిందా లేదా చూడు. తర్వాత హెయిర్ డ్రయ్యర్‌తో ఆ బాక్సుని మాత్రమే వేడి చెయ్, చెయ్యి ఆనించి ఉంచగలిగేంత వేడి చాలు, కాల్చేయకు. ఇంజిన్ చల్లగా ఉండి బాక్సు మాత్రమే వేడెక్కినప్పుడు బండి ఆగితే, ఫ్యాను గాలి తగలగానే మళ్ళీ స్టార్ట్ అయితే, అప్పుడు నేను కూడా ఒప్పుకుంటాను ఈసీయూయే అని.

ఇప్పుడు అది ఎందుకు పోయిందనేది. 2016 ప్రాంతంలో ఫిషింగ్ హార్బర్‌లో చేపలు, ఐసు తోలే పికప్ ఒకటి వచ్చింది నా దగ్గరకి, నాలుగు సిలిండర్లలో రెండు కొట్టట్లేదు. బాక్సు విప్పితే ఇంజెక్టర్లని నడిపే భాగం దగ్గర బోర్డు నల్లగా మాడిపోయి ఉంది, కాలిన బేకలైట్ వాసన. అదే నంబరు సెకండ్ హ్యాండ్ బాక్సు తెప్పించి, పాతదాంట్లో డేటా దీంట్లోకి ఎక్కించి పెట్టాను, బండి దారంలా నడిచింది, పంపించేశాను. మూడో రోజు పొద్దున్న నాలుగింటికి ఫోను, లోడుతో ఆగిపోయింది, ఐసు కరిగిపోతోంది. వెళ్లి చూస్తే మళ్ళీ అదే రెండు సిలిండర్లు, అదే చోట మాడింది. అప్పుడు కూర్చుని ఇంజెక్టర్ల వైరింగ్ అంగుళం అంగుళం తడిమితే, రాకర్ కవర్ పక్కన ఒక క్లిప్పు విరిగిపోయి, వైరు బ్రాకెట్ అంచుకి రాసుకుని మినపగింజంత మేర రాగి బయటపడింది. ఇంజిన్ ఊగినప్పుడల్లా అది ఇనుముకి తగులుతోంది. సోలనాయిడ్ ఇంజెక్టర్లకి ఈసీయూ 12 వోల్టుల్ని పెంచి 60, 80 వోల్టుల దాకా కొడుతుంది, అందుకే ఇంజిన్ నడిచేటప్పుడు ఆ వైర్ల మీద చెయ్యి వెయ్యొద్దంటాను, ఆ కొట్టుడంతా బ్రాకెట్లోకి పోయి బోర్డు కాలిపోయింది. ఆ రెండో బాక్సు డబ్బులు నేనే పెట్టుకున్నాను, వైరింగ్ చూడకుండా పెట్టిన తప్పు నాది కాబట్టి. అతను ఆ బండి అప్పు తీర్చుకుంటూ బతికే మనిషి.

అందుకే నీ మెకానిక్‌తో ఇంజెక్టర్ కప్లర్లు విప్పించి, ఒక్కోదానికి పిన్నుకీ బాడీకీ మధ్య మీటర్ పెట్టించు, అసలు కలవకూడదు. ఇంజెక్టర్ రెండు పిన్నుల మధ్య మాత్రం అర ఓమ్ లోపలే ఉంటది, మామూలు మీటర్ అంత చిన్న విలువ సరిగా చెప్పలేదు, నాలుగింటినీ పోల్చి ఒకటి తేడాగా ఉందా అనేది చూడాలి. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ కూడా చూడాలి, నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి, పదిహేను దాటుతుంటే రెగ్యులేటర్ పోయింది, అది ఏ ఈసీయూనీ బతకనివ్వదు. ఈ మధ్య బండికి వెల్డింగ్ చేయించావా? ఫుట్ బోర్డుకో, గార్డుకో? బ్యాటరీ తీయకుండా, ఈసీయూ కప్లర్ ఊడదీయకుండా వెల్డింగ్ పెడితే ఆ కరెంటు ఎటు పోద్దో ఎవరూ చెప్పలేరు. జంప్ స్టార్ట్ చేసేటప్పుడు ప్లస్సు మైనస్సు మారిపోవడం, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి ఆల్టర్నేటర్ బాగుందా అని చూడటం, ఇవి కూడా నేను చూసిన చావులే.

నీళ్ళ సంగతి వేరు. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12న, చెట్లు పడి నుజ్జయిన బండ్లు ఆ నెలలోనే వచ్చేశాయి, నీళ్ళు చొచ్చుకున్న కప్లర్ల బండ్లు మాత్రం ఆరేడు నెలల తర్వాత ఒక్కొక్కటే రావడం మొదలెట్టాయి. తడి వెంటనే చంపదు, లోపల చిలుము మెల్లగా ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకి పాకుద్ది. తుఫాను లేకపోయినా వాటర్ వాష్ వాళ్ళు బానెట్ లేపి ప్రెషర్ గన్ కొట్టడం అంతకంటే పెద్ద శత్రువు. నా మాట విని ఇంజిన్ వాష్ మానేయ్, తడిగుడ్డతో తుడిపించుకో. ఇంకో విషయం చాలామందికి తెలీదు, నీళ్ళు గానీ ఇంజిన్ ఆయిల్ గానీ వైరు తొడుగు లోపల పోగుల మధ్య నుంచి దీపం ఒత్తి నూనె లాగినట్టు పాకుకుంటూ ఈసీయూ దాకా వచ్చేస్తాయి. ఎక్కడో లీకయ్యే సెన్సర్ నుంచి బయల్దేరిన ఆయిలు రెండు మీటర్ల దూరంలో ఉన్న ఈసీయూ కప్లర్లో తేలింది, నా కళ్ళతో చూశాను. కప్లర్ ఊడదీసినప్పుడు టార్చ్ వేసి లోపల జిడ్డు ఉందా, పచ్చదనం ఉందా, ఏదైనా పిన్ను వంగిందా చూడు.

సరే, ఈసీయూ నిజంగా పోయింది, కారణం కూడా దొరికింది అనుకుందాం. అప్పుడు కూడా పాత బాక్సు పారేయొద్దు, మెకానిక్ దగ్గర ఎక్స్చేంజ్‌లో వదిలేయొద్దు. నీ బండి జాతకం అంతా దాంట్లోనే ఉంది, ఇమ్మొబిలైజర్ (అసలు తాళం కాకపోతే ఇంజిన్ స్టార్ట్ కానివ్వనిది) ఉన్న వేరియంట్ అయితే తాళం కోడు, ఇంజెక్టర్ల కోడ్లు, నీ మోడల్ సాఫ్ట్‌వేరు. ఇంజిన్ నడపలేనంతగా చెడిన బాక్సుల్లో కూడా చాలాసార్లు ఆ మెమరీ చిప్పు చదవడానికి వస్తది.

ముందు రిపేరు గురించి అడుగు. కప్లర్ దగ్గర సోల్డర్ విరగడం, కెపాసిటర్ లీకవ్వడం, ఇంజెక్టర్ డ్రైవర్ పోవడం లాంటివి బోర్డు పని తెలిసినవాడు చేసేస్తాడు. అయితే కొన్ని బాక్సుల్లో మామూలు పచ్చ బోర్డు ఉండదు, తెల్లటి సెరామిక్ పలక మీద వెంట్రుక కంటే సన్నటి అల్యూమినియం తీగలు అతికించి, పైన జెల్లీ పోసి ఉంటది, దానికి సోల్డరింగ్ ఐరన్ పనికిరాదు. సీలు వేసిన మూతని స్క్రూడ్రైవర్ పెట్టి బలవంతంగా లేపితే బోర్డు పగులుద్ది, కాబట్టి సరదాకి విప్పకు.

సెకండ్ హ్యాండ్ అయితే, ఆ 12,000 బాక్సు ఫొటోలో లేబుల్ మీద నంబరు కనిపించాలి. బాష్ డీజిల్ ఈసీయూ నంబర్లు 0281తో మొదలవుతాయి, ఇన్నోవా లాంటి టయోటాల్లో 89661తో. మొదటి నాలుగంకెలు కలిస్తే చాలదు, మొత్తం నంబరు అంకె అంకె కలవాలి, చూడ్డానికి ఒకేలా ఉన్న బాక్సుల్లో లోపల సాఫ్ట్‌వేరు వేరే ఉంటది. వచ్చాక డైరెక్టుగా తగిలిస్తే చాలు అని అమ్మేవాడు చెప్తే నమ్మకు. ఇమ్మొబిలైజర్ ఉన్న బండికి వేరే బాక్సు తగిలిస్తే స్టార్ట్ అవ్వదు, లేదా ఒక్క సెకను స్టార్ట్ అయ్యి ఆగిపోద్ది. పాతదాంట్లో ఫ్లాష్, ఈప్రామ్ అనే రెండు మెమరీలూ చదివించి కొత్తదాంట్లోకి ఎక్కించాలి, దీన్నే క్లోనింగ్ అంటారు. పని మొదలెట్టే ముందు పాత డేటా ఫైలు ఒక కాపీ నీ పెన్ డ్రైవ్‌లో వేయించుకో, అది నీ సొత్తు. కొత్తది షోరూమ్ నుంచే తీసుకుంటే ప్రోగ్రామింగ్, తాళం మ్యాచింగ్ ఆ ధరలోనే ఉన్నాయా, విడిగా వేస్తారా అని ముందే రాయించుకో.

ఇంజెక్టర్ కోడ్ల మాట వచ్చింది కాబట్టి, ఒక్కో ఇంజెక్టర్ తల మీద కొన్ని అక్షరాలు అంకెలు చెక్కి ఉంటాయి, ఆ ఇంజెక్టర్ డీజిల్ ఎంత కొంచెం ఎక్కువ తక్కువ పోస్తుందో చెప్పే లెక్క అది. క్లోన్ చేస్తే ఆ లెక్క దానంతటదే వచ్చేస్తది, కొత్త బాక్సు అయితే స్కానర్‌తో ఎక్కించాలి. ఎక్కించకపోయినా బండి నడుస్తది, కానీ ఐడిల్ అదురుద్ది, పొగ వస్తది, తర్వాత ఆ పాపం ఇంజెక్టర్ల మీదకి తోస్తారు. ఆయిల్ మరకలు తుడిచి నాలుగింటికీ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకో.

బిగించేటప్పుడు కీ ఆఫ్ చేసి ఓ ఐదు నిమిషాలు ఆగి బ్యాటరీ మైనస్ తీయించు. కప్లర్ పిన్నుల్లోకి గ్రీజు కూరొద్దు, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వు, రబ్బర్ సీలు చిరిగితే మార్చు. వైర్ల కట్ట కప్లర్లోకి పై నుంచి దిగకుండా, కొంచెం కిందకి వేలాడి మళ్ళీ పైకి వచ్చేలా కట్టించు, నీటి బొట్టు పాకినా ఆ అడుగున రాలిపోద్ది, కప్లర్లోకి పోదు.

ఇదంతా తేలే దాకా ఒక్కటి మాత్రం అన్నగా గట్టిగా చెప్తున్నాను, ఆ బండి వేసుకుని అనంతగిరి ఘాట్ ఎక్కకు, దిగకు, పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీదకి కూడా వద్దు. ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బాగా బరువెక్కిపోద్ది, బ్రేకుకి సాయం చేసే వాక్యూమ్ ఒకటి రెండు తొక్కులకే అయిపోద్ది, ఆ తర్వాత పెడల్ రాయిలా ఉంటది. సిటీలో ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఆగితే హారన్లు కొడతారు అంతే, ఘాట్ మలుపులో వెనక లారీ ఉన్నప్పుడు ఆగితే అలా ఉండదు.

ముందు ఎర్త్‌లు విప్పి చూసి, బల్బు ఎలా వెలిగిందో, ఆగినప్పుడు చెక్ లైటు వచ్చిందా లేదా, సెల్ఫ్ కొడితే ఆర్‌పీఎం ఎంత చూపించిందో ఇక్కడే రాయి. ఈసీయూ లేబుల్ ఫొటో కూడా పెట్టు. అవి చూశాక ఏం చేయాలో చెప్తాను, అప్పటి దాకా ఆ 12,000 పంపకు.